బాస్కియా (2005 ప్రదర్శన)

బాస్కియా అనేది అమెరికా చిత్రకారుడు జాన్ మిషెల్ బాస్కియా (1960–1988) చిత్రాలతో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ మ్యూజియంలో 2005లో జరిగిన ప్రదర్శన. ఇందులో నూరుకు పైగా కృతులను ఉంచారు. బ్రూక్లిన్‌లో జన్మించిన ఇతనిని తల్లి చిన్నతనంలోనే ఈ మ్యూజియంలో బాలసభ్యునిగా చేర్పించింది.

1970ల చివరలో బాస్కియా, మిత్రుడు ఆల్ డియాజ్‌తో కలిసి "సామో" అనే పేరుతో మన్‌హటన్ గోడలపై వ్యంగ్య వాక్యాలు వ్రాశాడు. తరువాత కాన్వాసుతో పాటు వీధులలో పారవేసిన తలుపులు, కిటికీలపై కూడా చిత్రించాడు. కొట్టివేసిన పదాలు, మూడు కొనల కిరీటం ఇతని చిత్రాలలో తరచుగా కనిపిస్తాయి.

చిత్రకళలో నల్లజాతివారు అరుదుగా కనిపించడాన్ని గమనించి, వారినే తన చిత్రాలకు నాయకులుగా చేసుకున్నట్లు బాస్కియా చెప్పాడు. క్రీడాకారులు, సంగీతకారులు అందులో ముఖ్యులు. బాలసభ్యునిగా తాను తిరిగిన మ్యూజియం గోడలపైకి, మరణించిన 17 సంవత్సరాలకు, ఈ ప్రదర్శన ద్వారా ఆ నాయకులు చేరారు. అనంతరం ప్రదర్శన లాస్ ఏంజిల్స్, హ్యూస్టన్ నగరాలకు వెళ్ళింది.