పాత దారికి కొత్త బాటసారులు

పిల్లలూ! సైకిలు నేర్చుకోవటానికి అన్నిటికన్నా మంచి చోటు ఏది అని అడిగితే, మీలో చాలామంది "బడి మైదానం" అంటారు. ఎందుకని? అక్కడ లారీలు రావు, బస్సులు రావు. వెనకనించి హారను మోగదు. పడితే మోకాలు గీసుకుంటుందే గాని ప్రాణానికి ముప్పు రాదు. అయితే మైదానం చిన్నది. నాలుగు చుట్లు తిరిగేసరికి విసుగు పుడుతుంది. ఆ మైదానమే ఒక దారిగా సాగి, ఊళ్లు దాటి, ద్రాక్షతోటలు దాటి, రెండువందల కిలోమీటర్లు పోతే ఎంత బాగుంటుంది!

ఫ్రాన్సు దేశంలో అటువంటి దారులు నిజంగానే ఉన్నవి. వాటి మీదికి మోటారు బండ్లు రాకూడదు. నడిచిపోయేవారు, సైకిళ్లవారు, చక్రాల కుర్చీలవారు, కొన్నిచోట్ల గుర్రపు రౌతులు – వీరికే ఆ దారులు. ఇటువంటి దారిని ఫ్రెంచివారు 'వ్వా వెర్త్' అంటారు. 'పచ్చని బాట' అని దాని అర్థం. 2004లో ఆ దేశపు రోడ్డు నిబంధనలలోనే ఈ పచ్చని బాటలకు చోటు ఇచ్చారు. చాలాచోట్ల బాట మొదట్లో ఒక గుంజ పాతి ఉంటుంది. దాని పక్కనించి సైకిలు పడుతుంది, కారు పట్టదు.

వింత ఏమిటంటే, వీటిలో చాలా దారులను సైకిళ్ల కోసం వేయలేదు. కొన్నిటిని గుర్రాల కోసం వేశారు, కొన్నిటిని రైళ్ల కోసం వేశారు. ఆ గుర్రాలూ పోయినవి, ఆ రైళ్లూ పోయినవి. దారులు మాత్రం మిగిలినవి.

గుర్రం లాగిన పడవ

దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ అనే నగరం ఉన్నది. అక్కడికి గరోన్ నది మీదుగా అట్లాంటిక్ సముద్రంనించి పడవలు రావచ్చు. కాని తూర్పున ఉన్న మధ్యధరా సముద్రానికి సరుకు పంపాలంటే ఓడలు స్పెయిన్ దేశాన్ని చుట్టి పోవలసిందే. దారిలో తుఫానులు, ఓడదొంగలు! తులూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా ఒక కాలవ తవ్వితే ఈ బాధ తప్పుతుంది గదా అని పూర్వం చాలామంది అనుకున్నారు. కాని మధ్యలో నేల మెరక. మెరక మీద కాలవ తవ్వితే నీరు రెండు వైపులా దిగిపోతుంది. పైన నీరు నిలిచేదెలా?

ఈ చిక్కు విప్పినవాడు పియెర్ పోల్ రికే. అతడు ఇంజనీరు కాదు. ఉప్పు పన్ను వసూలు చేసే ఉద్యోగి. మెరకకు ఉత్తరాన నల్లకొండ అనే కొండ ఉన్నది. దాని మీది వాగుల నీటిని పిల్లకాలవల ద్వారా నొరూజ్ అనే ఎత్తయిన చోటికి మళ్లిస్తే, అక్కడినించి నీరు రెండు వైపులకూ చాలినంత పారుతుందని అతడు గ్రహించాడు. నొరూజ్ సముద్రమట్టానికి 189 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎండాకాలానికి నీరు నిలవ చేయటానికి సేన్ ఫెరెయోల్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టించాడు.

1666లో 14వ లూయీ రాజు అనుమతి ఇచ్చాడు. పని జోరుగా సాగినప్పుడు 12 వేలమంది దాకా కూలీలు పని చేశారు. వారిలో ఆడవాళ్లు కూడా ఎందరో ఉన్నారు. జబ్బుపడి రాలేని రోజులకు కూడా రికే కూలి ఇచ్చేవాడట! ఆ రోజుల్లో అది కనీ వినీ ఎరగని సంగతి. 1681లో కాలవ తెరిచారు. కాని దాన్ని చూడటానికి రికే లేడు. కొద్ది నెలల ముందే, 1680లో చనిపోయాడు. 240 కిలోమీటర్ల ఆ కాలవ పేరు కనాల్ ద్యు మిది.

ఆ కాలంలో పడవకు ఇంజను లేదు. గట్టు మీద గుర్రం నడుస్తూ పొడుగాటి తాడుతో పడవను లాగేది. మన గోదావరి, కృష్ణా కాలవల మీద కూడా ఒకప్పుడు మనుషులు గట్టున నడుస్తూ పడవలను తాళ్లతో లాగేవారు. మీ తాతగారిని అడిగితే చెబుతారు. బండికి కట్టిన గుర్రం కష్టం మీద ఒక టన్ను లాగుతుంది. అదే గుర్రం నీటి మీద తేలే పడవనైతే పదుల టన్నుల బరువుతో లాగగలదు. అయితే దానికి ఒక మంచి దారి కావాలి. అది గట్టిగా ఉండాలి, సమంగా ఉండాలి, తాడుకు ఏదీ అడ్డు రాకూడదు. అందుకే కాలవ పొడుగునా గట్టు మీద ఒక బాట వేశారు.

ఈనాడు సైకిళ్లు పోయేది ఇటువంటి బాట మీదనే. తులూజ్ వైపు సుమారు 50 కిలోమీటర్లు తారు వేశారు. తరవాత చాలా భాగం కంకర, మట్టి. కొన్నిచోట్ల చెట్లవేళ్లు పైకి లేచి ఉంటవి. అక్కడ నెమ్మదిగా పోవాలి. బెజియే అనే ఊరి దగ్గర ఎనిమిది అరల లాకులు మెట్లలాగా వరసగా ఉన్నవి. పడవ ఒక్కొక్క అరా దాటుతూ సుమారు 21 మీటర్లు దిగుతుంది. పిల్లలు సైకిళ్లు ఆపి ఆ తమాషా చూస్తారు.

ఉత్తరాన బ్రెటాన్ సీమలో నాంత్ నుంచి బ్రెస్త్ రేవుకు పోయే కాలవ ఇంకా పొడుగు. సుమారు 360 కిలోమీటర్లు. ఇంగ్లీషు ఓడలు బ్రెస్త్ రేవును ముట్టడించి సరుకు రానివ్వకపోతే, నెపోలియన్ లోపలి దారిగా ఈ కాలవ తలపెట్టాడు. 1811లో తవ్వకం మొదలై 1842కు గాని పూర్తి కాలేదు. గ్లొమెల్ అనే చోట కొండను చీల్చిన లోతైన కోతను ఖైదీల చేత తవ్వించారు. ఇప్పుడు ఆ గట్టు మీద సన్న కంకర బాట. చేతులు బొబ్బలెక్కి తవ్విన వారి పేర్లు ఎవరికీ తెలియవు. వారు పోసిన గట్టు మీద నేటి పిల్లలు హాయిగా సైకిలు తొక్కుతున్నారు.

రైలు విడిచిన దారి

ఇక రెండో రకం. 1879లో ఫ్రెంచి ప్రభుత్వం చిన్న చిన్న పట్టణాలకు కూడా రైలు వేయాలని పెద్ద పథకం చేసింది. కొండలు తొలిచారు, వంతెనలు కట్టారు. కొన్ని దశాబ్దాలలో బస్సులు, లారీలు వచ్చినవి. చిన్న రైళ్లకు ప్రయాణీకులు కరువై, ఒక్కొక్క మార్గమే మూతపడింది. పట్టాలు ఊడదీశారు.

అప్పుడు ఏం మిగిలింది? సన్నగా, పొడుగ్గా, తెగకుండా సాగిన ఒక నేల పట్టీ. దాన్ని ముక్కలు చేసి పక్క రైతులకు అమ్మితే, పదేళ్లలో ఒకచోట ఇల్లు, ఇంకొకచోట కొట్టు లేచేది. ఒక్క ముక్క పోయినా దారి తెగుతుంది. మళ్లీ కలపటం దాదాపు అసాధ్యం. పట్టీ తెగకుండా కాపాడిన చోట్ల పచ్చని బాటలు పుట్టినవి. 1997లో బర్గండీ సీమలో జివ్రి నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల బాట తెరిచారు. పాత రైలుదారి మీద ఫ్రాన్సులో వేసిన తొలి పచ్చని బాటగా దాన్ని చెప్పుకుంటారు. దానికి తారు వేశారు. దక్షిణాన మజామే, బెదారియూ పట్టణాల నడుమ ఉన్న సుమారు 80 కిలోమీటర్ల రైలుదారి మీద మాత్రం చాలాభాగం సన్న కంకర పరిచారు.

క్లూనీ సమీపంలో ఒక సొరంగం ఉన్నది. పొడుగు సుమారు 1.6 కిలోమీటర్లు. దాన్ని చలికాలంలో మూసివేస్తారు. ఎందుకో తెలుసా? అందులో గబ్బిలాలు శీతనిద్ర పోతవి. నిద్ర చెడితే వాటి ఒంటిలో దాచుకున్న కొవ్వు అయిపోయి చచ్చిపోవచ్చు. కనక సైకిళ్లే చుట్టుదారిని పోతవి!

రైలుదారి అంటే సైకిలువారికి ఎందుకంత ఇష్టం? రైలు చక్రమూ ఇనుమే, పట్టా ఇనుమే. రెంటికీ పట్టు తక్కువ. ఎత్తు ఎక్కువైతే చక్రం జారుతుంది. అందుకని నూరు మీటర్లకు ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు రాకుండా దారి వేసేవారు. ఇంజను కోసం చేసిన ఆ ఏర్పాటు ఈనాడు చిన్నపిల్లల కాళ్లకూ, తాతల మోకాళ్లకూ మేలు చేస్తున్నది.

గోళీలు, కంకర

తారు లేకపోతే దారి బురద కాదా అని మీరు అడగవచ్చు. ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఒక పళ్లెంలో గోళీలు కుప్ప పోయండి. అవి జారి చెదిరిపోతవి. ఇంకొక పళ్లెంలో పగలగొట్టిన కంకర కుప్ప పోయండి. అది నిలుస్తుంది. కంకరకు కోణాలు ఉన్నవి గనుక ఒక రాయి ఇంకొక రాయిని పట్టుకుంటుంది. పచ్చని బాటకు కావలసింది ఈ గుణమే. అడుగున పెద్ద కంకర, పైన సన్న కంకర, రాతిపొడి వేసి, తడిపి, రోలరుతో అణుస్తారు. దారి నడుము కొంచెం ఉబ్బుగా చేస్తే వాన నీరు పక్కలకు పోతుంది. ఇలా పొరలు పొరలుగా రాయి పరిచే పద్ధతిని 18వ శతాబ్దంలోనే పియెర్ త్రెజాగే అనే ఫ్రెంచి ఇంజనీరు నేర్పాడు.

కంకర మీద సన్న టైరు కన్నా వెడల్పు టైరు మంచిది. అందులో గాలి కొంచెం తక్కువగా ఉంచుతారు. గాలి బిర్రుగా ఉంటే ప్రతి గులకరాయికీ సైకిలూ మనిషీ కలిసి ఎగరవలసి వస్తుంది. ఆ ఎగురుడులో బలం వృథా. టైరు మెత్తగా ఉంటే రాయి దగ్గర టైరే లొంగుతుంది, మనిషి ఎగరడు.

చెట్లకు వచ్చిన ఆపద

దారిని కట్టటం ఒక ఎత్తు, నిలుపుకోవటం ఒక ఎత్తు. కనాల్ ద్యు మిది ఒడ్డున సుమారు 42 వేల ప్లాటాన్ చెట్లు ఉండేవి. ఎక్కువభాగం 19వ శతాబ్దంలో నాటినవి. వాటి నీడకు కాలవ నీరు చల్లగా ఉండేది. వాటి వేళ్లు గట్టును పట్టుకొని ఉండేవి. 2006లో ఆ చెట్లకు ఒక బూజు జబ్బు కనిపించింది. ఒక చెట్టు వేరునించి పక్క చెట్టు వేరుకు, పడవ రాసుకున్న గాయాలనించి కూడా అది పాకుతుంది. మందు లేదు. కొట్టి కాల్చటమే గతి. సగానికి పైగా చెట్లు పోయినవి. వాటిచోట ఓక్ మొదలైన పలురకాల చెట్లు నాటుతున్నారు. ఈసారి ఒకే జాతి నాటలేదు. ఎందుకో మీరే ఆలోచించండి.

ఈ మొక్కలు నాటేవారు వాటి నిండు నీడలో కూర్చోలేరు. రికే తన కాలవ మీద పడవ పోవటం చూడలేదు. అయినా పని ఆగలేదు.

పచ్చని బాట మీద కొన్ని మర్యాదలు ఉన్నవి. నడిచేవారికి సైకిలువారు దారి ఇవ్వాలి. ముందు గంట కొట్టి, వేగం తగ్గించి దాటాలి. బాట మామూలు రోడ్డును దాటే చోట దిగి, రెండు వైపులా చూడాలి. ఎందుకంటే అక్కడ మోటార్లు ఉంటవి.

ఇక మీకు ఒక ఇంటిపని. మీ ఊళ్లో కాలవగట్టో, చెరువుగట్టో, పాత బండిబాటో ఉంటే, ఆదివారం పూట అమ్మానాన్నలతో కలిసి దాని వెంట నడవండి. దాన్ని ఎవరు, ఎందుకు వేశారో పెద్దలను అడిగి రాసుకోండి. అది ఎక్కడ తెగిందో, ఏం అడ్డం వచ్చి తెగిందో కూడా రాయండి.