సాక్షి ఉంది... సాక్ష్యం చెల్లలేదు

1806 మే 25, ఆదివారం. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో న్యాయమూర్తి జార్జ్ విథ్ ఇంట్లో పొద్దుటి పూట ముగ్గురు ఉన్నట్టుండి మంచాన పడ్డారు. ఒకరు ఎనభైకి దగ్గరపడ్డ విథ్. రెండోవారు ఆయన బానిసత్వం నుంచి విడుదల చేసిన వంటమనిషి లిడియా బ్రాడ్‌నాక్స్. మూడో వ్యక్తి మైకేల్ బ్రౌన్, ఆయన దగ్గరుండి చదువు చెబుతున్న నల్లజాతి కుర్రాడు.

లిడియా చెప్పిందంటూ తర్వాతివాళ్లు రాసిపెట్టిన దాని ప్రకారం, ఆ పొద్దున విథ్ సోదరి మనవడు స్వీనీ వంటింట్లోకి వచ్చాడు. కాఫీ కుండ అందుకుని తనకో కప్పు వంచుకున్నాడు. ఏదో తెల్లకాగితం పొయ్యిలో పడేశాడు. పెద్దాయన పేరిట దొంగ చెక్కులు రాస్తున్నదీ వాడేనని తర్వాత బయటపడింది. జూన్ 1న మైకేల్, 8న విథ్ చనిపోయారు. కన్నుమూసేలోగా విథ్ వీలునామా మార్పించి స్వీనీకి చిల్లిగవ్వ దక్కకుండా చేశారు. లిడియా బతికింది.

విథ్ సామాన్యుడు కాదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్‌కు కుర్రతనంలో విలియమ్స్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం నేర్పిన గురువు. 1779లో అమెరికాలోనే తొలి న్యాయశాస్త్ర ఆచార్యుడయ్యారు. తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ మార్షల్ ఆయన పాఠాలు విన్నాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద వర్జీనియా ప్రతినిధుల్లో మొదటి సంతకం ఆయనదే. చివరి రోజుల్లో స్వేచ్ఛ కోసం దావా వేసిన జాకీ రైట్ కుటుంబం కేసులో, స్వేచ్ఛ ప్రతి మనిషికీ జన్మహక్కని, బానిస అని వాదించేవాడే దాన్ని రుజువు చేయాలని తీర్పిచ్చారు. బానిసల కష్టం మీద నడిచే రాష్ట్రంలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! ఆయన పోయిన ఏడాదే పై కోర్టు ఆ కుటుంబానికి విముక్తి ఇచ్చింది. ఆ సూత్రాన్ని మాత్రం నల్లవారికి వర్తించదని తోసిపుచ్చింది.

కాఫీలో విషం కలిపాడని స్వీనీ మీద హత్య కేసు నడిచింది. ఎడ్మండ్ రాండాల్ఫ్, విలియం విర్ట్ వంటి ఉద్దండ న్యాయవాదులు వాడి తరఫున నిలబడ్డారు. విషం ఆర్సెనిక్ అని వైద్యులు గట్టిగా తేల్చలేకపోయారు. కళ్లారా చూసిన లిడియాను బోనెక్కించే వీల్లేకపోయింది. తెల్లవాడి మీద నల్లవారి సాక్ష్యాన్ని అప్పటి వర్జీనియా చట్టం ఒప్పుకునేది కాదు. స్వీనీ నిర్దోషిగా బయటికొచ్చాడు.

విథ్ మీద ఎంత గౌరవమున్నా ఒక సంగతి దాటేసి రాయలేను. స్వాతంత్ర్యం వచ్చాక వర్జీనియా చట్టాలను సవరించే పని జెఫర్సన్, న్యాయవాది ఎడ్మండ్ పెండిల్టన్, విథ్‌ల చేతికే వచ్చింది. పాత శిక్షలెన్నో మార్చాలని ప్రతిపాదించిన ఆ ముసాయిదాలో, నల్లవారి సాక్ష్యాన్ని అడ్డుకునే నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. చట్టసభ 1785లో ఆ నిబంధనను ఆమోదించింది. ఆ కలం పట్టింది ఎవరైనా, విథ్ వద్దని ఉంటే ఆ మాటకు బరువుండేది. ఆయన అన్నట్టు కనిపించదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన హంతకుణ్ణి కాపాడింది ఆ నిబంధనే.

విషం లిడియా చూపును దెబ్బతీసింది. పని చేసుకునే సత్తువ పోయి, 1807లో ఆమె అధ్యక్షుడు జెఫర్సన్‌కు సాయం కోరుతూ ఉత్తరం రాసింది. ఆయన యాభై డాలర్లు ఇప్పించారు.