పలుకకూడని పీఠము

ప్రయోగశాలలో శృతిదండమును రబ్బరు దిమ్మెపై కొట్టి గాలిలో పట్టుకొన్నచో, చెవి దగ్గరకు చేర్చిన గాని దాని మ్రోత వినబడదు. దాని కాడను బల్లపై ఆనించినంతనే తరగతి చివరి వరుసలోని విద్యార్థికి కూడ వినబడును. దండము బలము పెరుగలేదు. దండము బల్లను కదల్చినది. విశాలమైన బల్ల విస్తారమైన గాలిని కదల్చినది. వీణకు పనస కొయ్యతో కుండ తొలచుటలోని రహస్యము కూడ ఇదియే. తీగ ఒంటరిగా పలుకజాలదు. కొయ్య దానికి కంఠమిచ్చును.

బల్ల చేయు ఈ ఉపకారమే ఒక్కొక్కప్పుడు అపకారమగును.

నా పూర్వ విద్యార్థి యొకరు అంధ విద్యార్థుల కొరకు పాఠ్య పుస్తకములను చదివి ఇంటి వద్దనే రికార్డు చేయుచున్నారు. తిరిగి విన్నప్పుడెల్ల తన గొంతు కుండలో మాటాడినట్లు బొంగురుగా వినబడెడిది. అందుచేత ఆయన ప్రతి పాఠములోను మంద్ర ధ్వనులను తగ్గించుచు వచ్చెను. కాని పాఠములు విన్న పిల్లలు, "సార్, మీ గొంతు పీలగా ఉన్నది, ఎక్కువసేపు వినలేకున్నాము" అనిరి. ఆయన మొదట మైకును శంకించెను, పిదప తన గొంతునే శంకించెను. నిజమైన దోషి ఆయన ఎదుటనే ఉన్నది. స్పీకర్లు రెండును సొరుగుల బల్లపై కూర్చుండి యున్నవి. గొంతులో లేని బొంగురును బల్ల కలిపినది. ఆయన దానిని తన గొంతునుండి కోసివేసెను.

స్టూడియోలలో వాడు స్పీకరును మానిటరు అందురు. ఇంపుగా వినిపించుట దాని పని కాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే దాని పని. కనుక దాని క్రింది పీఠము వీణకు సరిగా విరుద్ధమైన వస్తువు కావలెను. అది ఎంతమాత్రము పలుకరాదు.

పెట్టె వెనుకకు జరుగుట

నేటి స్పీకర్లలో పెక్కింటికి మూలమైన తీగచుట్ట స్పీకరును గూర్చి రైస్, కెల్లాగ్ అను అమెరికను ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి. అయస్కాంతము నడుమనున్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించగా, దానికి అంటియున్న శంకువు ముందు వెనుకలకు కదలును. న్యూటను మూడవ సూత్రమును ఇచ్చట జ్ఞాపకము చేసికొనుడు. శంకువు ముందుకు పోయినప్పుడు పెట్టె వెనుకకు జరుగవలెను. కదలు భాగము బరువు 12 గ్రాములు, పెట్టె బరువు 6 కిలోలు అనుకొన్న, నిష్పత్తి 1:500. శంకువు 2 మి.మీ. కదలిన పెట్టె మిల్లీమీటరులో 250వ వంతు మాత్రమే కదలును. ఇది కంటికి కనబడదు. కాని బల్ల పలకకు ఇంత చాలును. ప్రతి పలకకును తాను తేలికగా ఊగు సహజ పౌనఃపున్యము లుండును. సంగీతములో ఆ స్వరము వచ్చినప్పుడు పలక అనునాదము చెంది తానును పాడును.

బల్లపై అద్దము

రెండవ చిక్కు కంపనము వలన గాక పరావర్తనము వలన కలుగును. ట్వీటరు, అనగా హెచ్చు స్వరముల చిన్న స్పీకరు, బల్లకు 25 సెం.మీ. ఎత్తునను, మీ చెవి 40 సెం.మీ. ఎత్తునను ఉన్నవనుకొనుడు. నడుమ దూరము 100 సెం.మీ. తిన్నగా వచ్చు ధ్వని సుమారు 101 సెం.మీ. నడచును, బల్లను తాకి వచ్చునది సుమారు 119 సెం.మీ. నడచును. తేడా 18 సెం.మీ. తరంగదైర్ఘ్యము 36 సెం.మీ. గల ధ్వనికి ఇది సరిగా సగము. ఒక తరంగపు శిఖరముపై రెండవ దాని లోయ పడి రెండును క్షీణించును. ధ్వని వేగము సెకనుకు 343 మీటర్లు గనుక, ఇట్లు నష్టపోవునది సుమారు 950 హెర్ట్జుల ధ్వని. దానికి మూడు రెట్లయిన 2,850 వద్ద మరల నష్టము. మాటల స్పష్టతకు ముఖ్యమైన ప్రాంతమిదియే.

దీనిని కనుగొనుటకు యంత్రములు అక్కరలేదు. మీ స్థానములో కూర్చుండి, మరియొకరి చేత చిన్న అద్దమును బల్లపై జరిపించుడు. ఎచ్చట అద్దములో ట్వీటరు కనబడునో అచ్చటినుండియే ధ్వని తిరిగి వచ్చుచున్నదని గ్రహింపవలెను. స్పీకర్లను బల్ల వెనుక వేరు పీఠములపై నిలిపినచో దీనిని తప్పింపవచ్చును. చెవి, ట్వీటరు ఒకే ఎత్తున ఉన్నప్పుడు ఆ బిందువు నట్టనడుమ పడును. దూరము 120 సెం.మీ. అయిన, అది మీకు 60 సెం.మీ. వద్ద. బల్ల అవతలి అంచు 55 సెం.మీ. వద్ద ముగిసినచో అద్దము పెట్టుటకు చోటే లేదు.

చెవి ఎత్తు

10,000 హెర్ట్జుల ధ్వని తరంగదైర్ఘ్యము 3.4 సెం.మీ. మాత్రమే. ఇట్టి హెచ్చు స్వరములు టార్చి వెలుగు వలె ముందుకే పోవును. అందుచేత ట్వీటరు చెవి ఎత్తున ఉండవలెను. కుర్చీలో మామూలుగా కూర్చుండి నేలనుండి చెవి వరకు కొలువుడు. అందులోనుండి పెట్టె అడుగునుండి ట్వీటరుకు గల ఎత్తును తీసివేయుడు. 112 లో 20 పోగా 92 సెం.మీ.; ఇదియే పీఠము ఎత్తు. రెండు స్పీకర్లును, మీ తలయు సమబాహు త్రిభుజముగా ఉండవలెను.

కట్టుట ఎట్లు?

10 సెం.మీ. చదరపు ఇనుప గొట్టమును, అడుగున 35 సెం.మీ. చదరము, 3 సెం.మీ. మందము గల గ్రానైటు పలకను బోల్టులతో బిగింపవచ్చును. వంటగట్టుకు రాయి కోయు చోట మిగులు ముక్కలు దొరకును. అట్టి ముక్క బరువు సుమారు 10 కిలోలు. ఉత్త గొట్టము గంట వలె మ్రోగును గనుక, బాగుగా ఎండిన ఇసుకను మూడింట రెండు వంతుల వరకు నింపవలెను. ఇసుక రేణువులు ఒరసికొని కంపన శక్తిని వేడిగా మార్చును. తడి ఇసుక గొట్టమును తుప్పు పట్టించును.

స్పీకరు క్రింద రబ్బరు మెత్త వేయవలెను. అయితే ఎట్టి రబ్బరైనను పనికిరాదు. బరువుకు 1 మి.మీ. అణగు మెత్తపై స్పీకరు సహజముగా సెకనుకు 16 సార్లు ఊగును. రబ్బరు గుణమును బట్టి ఇంకను కొంత ఎక్కువ కావచ్చును. ఆ సంఖ్యకు 1.4 రెట్లు దాటిన కంపనములనే మెత్త ఆపగలదు. మిల్లీమీటరులో పదవ వంతే అణగు గట్టి రబ్బరుకు ఈ సంఖ్య 50. అది మృదంగపు మంద్ర ధ్వనిని ఆపుటకు బదులు మరింత ఊపును.

పిల్లలున్న ఇంట

పొడవైన పీఠముపై బరువైన పెట్టె యున్నప్పుడు మంచి ధ్వని కన్న ముఖ్యమైన విషయము మరొకటి కలదు. ఇసుక లేక, తేలిక చెక్క అడుగుతో చేసిన పీఠము స్పీకరుతో కూడ సుమారు 14 కిలోలుండును. పెట్టె మధ్యను రెండున్నర కిలోల బలముతో నెట్టిన చాలు, అది ఒరగనారంభించును. నడక నేర్చు బిడ్డ ఆసరాకు పట్టుకొన్నను అంత బలము కలుగును. పైన చెప్పిన రాయి, ఇసుకలతో మొత్తము 31 కిలోలై, గరిమనాభి 67 సెం.మీ. నుండి 40 కి దిగును. నెట్టుటకు ఐదు కిలోల పైచిలుకు బలము కావలెను. ఇది రెట్టింపే గాని నిర్భయము కాదు. స్పీకరును పీఠమునకును, పీఠమును గోడ కొక్కెమునకును బలమైన పట్టీతో కట్టి తీరవలెను.

పీఠము గది దోషములను మాన్పలేదు. తాను క్రొత్త దోషమును కలుపకుండుటయే దాని గొప్ప. పరీక్ష సులభము. ఫోనునుండి 50 మొదలు 300 హెర్ట్జుల వరకు ఒక స్వరమును మెల్లగా పెంచుచు స్పీకర్లలో వినిపించి, వాని క్రింది బల్లపై అరచేయి ఉంచుడు. ఎచ్చటనైన చేతికి జివ్వుమన్నచో మీ బల్ల పాడుచున్నదన్న మాట.

నా విద్యార్థి బల్ల 120 దగ్గర పాడినది. ఆయన పీఠములు కట్టించుకొని, పాత పాఠములనన్నిటిని మొదటినుండి సరిచేసెను. ఇప్పుడు పిల్లలు వినుచున్నది ఆయన గొంతునే.