రంగులకు ఒక కుంచము

యానాము నుండి కోరంగి మడ అడవులకు పోయి ఫోటోలు తీసిన విద్యార్థికి తరచుగా ఒక చిక్కు ఎదురగును. కంప్యూటరులో కళకళలాడిన ఆకుపచ్చ మిత్రుని ఫోనులో వెలవెలబోవును. పాఠశాల సంచికలో అచ్చుపడునప్పటికి మరియొక రంగైపోవును. తెరలకును, అచ్చుయంత్రములకును కొంత బాధ్యత లేకపోలేదు. కాని చాలమారులు లోపము బొమ్మను దిద్దిన తీరులోనే యుండును.

డిజిటల్ బొమ్మలో ప్రతి బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు అంకెలుండును. సాధారణముగా ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు. ‘ఆకుపచ్చ 200’ అన్నంతమాత్రమున రంగు తెలియదు. పది కుంచముల ధాన్యమన్నచో, కుంచమెంతటిదో తెలియనిదే రాశి యెంతో తెలియునా? కలర్ స్పేస్ అనబడునది ఈ కుంచమే.

కంటికి కనబడు రంగులను అంకెలతో నిర్దేశించు పద్ధతిని 1931లో, ఫ్రెంచి పేరుతో నడచు అంతర్జాతీయ దీపన సంఘము స్థిరపరచెను. నాడు యానాము కూడ ఫ్రెంచివారి యేలుబడిలోనే యున్నది. సంబంధము అంతటితో సరి. ఆ పద్ధతి ఆధారముననే 1996లో హ్యూలెట్ పాకార్డు, మైక్రోసాఫ్టు సంస్థలు ఎస్‌ఆర్‌జీబీని ప్రతిపాదించినవి. 1998లో అడోబీ సంస్థ అడోబీ ఆర్‌జీబీని వెలువరించెను. విచిత్రమేమనగా, ఎరుపు నీలముల మూలములు రెంటిలోను ఒక్కటే. మూలములలో భేదము ఆకుపచ్చలోనే! రెండవదానిలో అది మరింత గాఢము. కనుకనే పెద్ద కుంచముతో కొలిచిన అంకెలను చిన్న కుంచమువిగా భ్రమించిన తెరపై మడచెట్లు వాడిపోయినట్లు కనబడును.

అట్లని పెద్దదే మేలని కాదు. 8 బిట్ల బొమ్మలో ఒక్కొక్క రంగునకు మెట్లు 256 మాత్రమే. పరిధి పెరిగినకొలది మెట్టుకు మెట్టుకు ఎడము పెరిగి, గౌతమిపై సంధ్యాకాశము చారలు దేరవచ్చును. పెద్ద పరిధి కోరువారు 16 బిట్లు వాడవలెను. తెరపై చూచుటకే యైనచో ఎస్‌ఆర్‌జీబీ చాలునని నా అభిప్రాయము.

ఊరి పాత ఫోటోలను పలువురు విద్యార్థులు స్కాన్ చేసి దిద్దునప్పుడు ఉపాధ్యాయుడు ముందే ఒక్క కుంచమును నిర్ణయింపవలెను. లేనియెడల ఒకే గోడ పది బొమ్మలలో పది రంగులగును. ఏది నిజమో చెప్పుటకు ఆనాటివారు ఎల్లకాలముండరు. మధ్యలో మార్పు తప్పనిసరియైనచో ఒక భేదము గుర్తింపవలెను: ప్రొఫైలు తగిలించుట బస్తాపై చీటీ మార్చుట వంటిది, రంగులే మారిపోవును, పరివర్తన చేయుట గింజలను క్రొత్త కుంచముతో మరల కొలుచుట. పెద్దదాని నుండి చిన్నదానికి దిగినపుడు జారిపోయిన రంగులు తిరిగి రావు. అందుచే అచ్చునకు వలయు మార్పులు నకలుపైననే చేసి, అసలును ప్రొఫైలుతో సహా భద్రపరుపవలెను.