కార్తికంలో ధాత్రీ వృక్షారోపణం

ఆశ్వయుజ, కార్తిక మాసాలు రెండూ శరదృతువు. మబ్బు వీడిన ఆకాశం, తేరుకున్న నదీజలాలు, పిండారబోసినట్టి వెన్నెల ఈ ఋతువుకు అలంకారాలు. కార్తికంలో ధాత్రీ వృక్షం, అనగా ఉసిరి చెట్టు, విష్ణుస్వరూపంగా పూజలందుకుంటుంది. ఆ నీడలో వనభోజనం చేయడం, ఉసిరికాయపై వత్తి వెలిగించడం, క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరి కొమ్మ నిలిపి కల్యాణం జరిపించడం మన ఇళ్లలో తరతరాల ఆచారాలు.

అయితే ఆ కొమ్మ ఎక్కడి నుండి వస్తున్నది? ద్వాదశికి ముందురోజే బజారులో కట్టలుగా అమ్ముతారు. కాయలతో సహా విరిచిన కొమ్మలవి. కోటలో గుచ్చినంత మాత్రాన ఉసిరి కొమ్మ వేరూనదు. కొద్ది రోజులకే ఆకు రాలుస్తుంది. ద్వాదశి వెళ్లిన తరువాత మా ఆలయ ప్రాంగణంలో ఊడ్చి పోసే ఎండుకొమ్మల కుప్ప చూసినప్పుడల్లా మనస్సు చివుక్కుమంటుంది. పూజకు కొమ్మ తీసుకోవడం దోషమని నేననను. ఏటా తీసుకుంటూ ఒక్క మొక్కనైనా నాటకపోతే అది తీర్చని ఋణమే. ఇక వనభోజనాలంటారా, ఫంక్షన్ హాలులో కుండీ పెట్టుకుని భోంచేసే రోజులు వచ్చాయి!

మత్స్యపురాణంలో పార్వతీదేవి అశోకపు మొక్కను నాటి, నీరుపోసి, కుమారునిగా పెంచిన వృత్తాంతమున్నది. దీనివలన ఫలమేమని అడిగిన మునులకు, ఒక్క వృక్షం పదిమంది పుత్రులతో సమానమని అమ్మవారు సమాధానమిచ్చింది.

నాటడానికి తగిన కాలాన్ని కూడా మన పూర్వులు విచారించారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో, కొమ్మలు వేసిన మొక్కలను చలి ప్రవేశించే వేళ నాటమన్నాడు. మన ప్రాంతంలో కార్తికంతోనే ఆ చలి మొదలవుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు కోస్తాకు, రాయలసీమకు వానలిస్తాయి. నేల తడిగా ఉంటుంది, ఎండ తీక్షణత తగ్గుతుంది, వేసవి వచ్చేలోగా వేళ్లు లోతుకు దిగడానికి వ్యవధి దొరుకుతుంది. తెలంగాణలో ఆ వానలు తక్కువ కనుక నీరు మనమే పోయాలి. చలికాలంలో దినం విడిచి దినం, వేసవిలో ఉదయం, సాయంత్రం పోయాలన్నది ఆ గ్రంథంలోని నియమమే. చెట్టుకూ చెట్టుకూ 20 మూరల ఎడం ఉత్తమమనీ, 12 మూరలు అధమమనీ కూడా అందులో ఉన్నది. పెరట్లో అంత చోటు లేనివారు గుడి ఆవరణలోనో, బడి ఆవరణలోనో, చెరువు గట్టుపైనో అనుమతి తీసుకుని నాటవచ్చు.

గింజ మొక్క కంటే అంటు మొక్క త్వరగా కాపుకు వస్తుంది. ఒంటరి చెట్టు కాపు పలచగా ఉంటుంది కనుక, వేర్వేరు రకాలవి రెండు నాటితే మేలు.

ఈసారి ద్వాదశికి కొమ్మకు బదులు, కుండీలోని ఉసిరి మొక్కనే తులసికోట చెంత నిలిపి కల్యాణం జరిపించండి. వృక్షారోపణకు వరాహమిహిరుడు చెప్పిన నక్షత్రాలలో రోహిణి ఒకటి. కార్తిక పౌర్ణమి కృత్తికకు చేరువలో వస్తుంది గనుక, ఆ వెంటనే వచ్చేది రోహిణియే. ఆనాటి ఉదయం మొక్కకు పసుపు కుంకుమలు అలంకరించి, వేరు చుట్టూ ఉన్న మట్టి చెదరకుండా గోతిలో దింపి, పశువులు మేయకుండా చుట్టూ ముళ్లకంచె కట్టండి.