ఎండ ముదరకముందే కూలరు విప్పి చూసుకోవాలి
పది రూపాయల పనికి వెనుకాడితే వేలల్లో ఖర్చు - ప్రాణానికీ ముప్పు

బోధన్ ప్రాంతం వారికి 'ఆఫ్ సీజన్' అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ చలికాలమంతా చెరకు ఆడేవారు. ఎండలు ముదిరేసరికి క్రషింగ్ ఆగేది. మిల్లు ఆగితే కార్మికులకు మరో పని మొదలయ్యేది. రోలర్లు విప్పడం, గొట్టాలలో పేరుకున్న చెక్కు గీకడం, అరిగిన బేరింగులు మార్చడం వానాకాలం పొడుగునా సాగేవి. సీజన్ నడుమ మిల్లు నిలిచిపోతే యార్డులో బండ్ల మీద చెరకు ఎండి, రైతుకు తూకంలో దెబ్బ తగిలేది. అందుకే ఖాళీ రోజులలో చేసుకున్న మరమ్మతే ఫ్యాక్టరీని నిలబెట్టేదని పాత కార్మికులు నేటికీ చెప్పుకుంటారు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది.

ఫ్యాక్టరీలో నేర్చిన ఆ పద్ధతి ఇళ్లలోకి మాత్రం రాలేదు. నిజామాబాద్, బోధన్ పట్టణాలలో ఏటా ఏప్రిల్ వచ్చేసరికి కూలర్ మెకానిక్కుల దుకాణాల ముందు జనం బారులు తీరుతారు. ఫిబ్రవరిలో అదే దుకాణంలో మెకానిక్ ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. ఫిబ్రవరిలో తీసుకుపోతే తీరికగా, తక్కువ ఖర్చుతో అయ్యే పనికి ఏప్రిల్‌లో రెండింతల డబ్బు పెట్టి, పైగా నాలుగు రోజులు ఉక్కలో పడుకోవలసి వస్తున్నది.

ఒకప్పుడు ఈ యంత్రాలతో ఇంత అవసరం లేదు. మట్టిగోడలు, గూన పెంకుల ఇళ్లు పగటి వేడిని లోపలికి అంత తొందరగా రానిచ్చేవి కావు. ఇంటి ముందర రంజన్, వాకిట్లో వేపచెట్టు, కలిగినవారి ఇంట వట్టివేళ్ల తడకలు ఉండేవి. ఇప్పుడు ఊరూరా స్లాబు ఇళ్లు లేచాయి. గల్ఫ్ దేశాలకు వెళ్లిన వారు పంపిన డబ్బుతో కట్టినవి వాటిలో చాలా ఉన్నాయి. పగలంతా కాలిన స్లాబు రాత్రి పన్నెండు దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు ఈ జిల్లాకు కొత్త కాదు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవారికి, ముసలివారికి, పసిపిల్లలకు కూలరు నేడు సోకు వస్తువు కాదు. (బీడీలు చుట్టేచోట గాలి నేరుగా తగిలితే తంబాకు ఎగిరి కళ్లలో పడుతుంది. కూలరు మూతిని పక్కకు తిప్పి పెట్టుకోవలసిందే.)

కూలరు పని చేసే తీరు తెలిస్తే సగం మరమ్మతులు తప్పుతాయి. తడిసిన గడ్డి నుంచి పొడిగాలి దూరినప్పుడు నీరు ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఆ వేడిని నీరు గాలి నుంచే లాక్కుంటుంది కనుక గాలి చల్లబడుతుంది. రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. కనుక బయటి పొడిగాలి కూలరుకు అందాలి, లోపలి తడిగాలి మరో కిటికీ నుంచి బయటికి పోవాలి. తలుపులన్నీ మూసి, గది నడుమ కూలరు పెట్టి, చల్లదనం లేదని మెకానిక్‌ను పిలిచేవారు చాలామంది ఉన్నారు. అతడు వచ్చి చేసేదేమీ ఉండదు, కిటికీ తెరిస్తే సరిపోతుంది. మృగశిర కార్తె దాటి గాలిలో తేమ పెరిగాక కూలరు పని చేయకపోవడమూ దాని తప్పు కాదు.

గడ్డి, నీళ్లు

బోరు నీళ్లలోని సున్నపు ఉప్పు గడ్డిలో పేరుకుని తెల్లగా గట్టిపడుతుంది. నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు ఎక్కడికీ పోదు. తొట్టిలో రోజూ కొత్త నీళ్లు కలుపుతున్నకొద్దీ అది చిక్కబడుతుంది. వారానికొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. గడ్డి ప్యాడ్లను ఏటా మార్చడమే మేలు. తేనెపట్టు ప్యాడ్లు కొన్నేళ్లు వస్తాయి గాని వాటినీ మెత్తని బ్రష్షుతో కడగాలి. గడ్డి మూసుకుపోతే గాలి రాదు, గాలి రాకపోతే మోటారు వేడెక్కుతుంది. రేకు కూలర్ల తొట్టిని తుప్పు గీకి, రెడాక్సైడ్ పూసి, ఆరిన తర్వాత రంగు వేస్తే మరి నాలుగేళ్లు బతుకుతుంది. చిల్లి పడ్డాక అతుకు వేయించడం వృథా ప్రయాస.

నీళ్ల మోటారు, అంటే చిన్న పంపు, నీటిలో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. రాత్రి తొట్టి ఎండిపోయి పంపు ఉత్తగా తిరిగితే తెల్లారేసరికి కాలిపోతుంది. దాని జాలీలో గడ్డిపరకలు ఇరుక్కున్నాయేమో వారానికొకసారి చూసుకోవాలి.

ఇక అసలు ఖర్చు ఫ్యాను మోటారుది. ఫ్యాను మెల్లగా తిరుగుతున్నదంటే, చేత్తో ఒక తోపు ఇస్తే గాని లేవడం లేదంటే, చాలాసార్లు దోషం కండెన్సర్‌లో ఉంటుంది. అది నూరు రూపాయల లోపు వస్తువు. దానిని మార్చకుండా రోజూ పుల్లతో రెక్క తిప్పి నడిపేవారు ఊరికి పదిమంది కనిపిస్తారు. అట్లా నడిస్తే వైండింగు వేడెక్కి ఒకనాడు పొగ వస్తుంది. అప్పుడు రీవైండింగుకు కండెన్సర్ ధరకు ఎన్నోరెట్లు చెల్లించాలి. కిర్రుమనే బుష్షులకు సీజన్ మొదట్లో రెండు చుక్కల నూనె వేయాలి. సాయంత్రం పూట వోల్టేజి బాగా పడిపోయే ఊళ్లలో ఫ్యాను తిరగక మూలుగుతుంటే ఆపివేయడమే మంచిది.

కరెంటు కాటు

ఇంతవరకు చెప్పింది డబ్బు లెక్క. కూలరులో నీళ్లు, రేకు, కరెంటు మూడూ ఒకేచోట ఉంటాయి. పంపు తీగ తోలు ఊడినా, వైండింగు తడిసినా రేకు మొత్తం కరెంటు ఎక్కుతుంది. ఎండాకాలం ప్రతి ఏటా కూలర్లో నీళ్లు పోస్తూ, దానిని పట్టుకుని ఆడుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు వస్తూనే ఉన్నాయి. 2022 జూలైలో కామారెడ్డి పట్టణంలో బట్టలారేసే తీగకు కరెంటు పారి ఒకే ఇంట నలుగురు మరణించారు. ఇనుము ఏదైనా ఒకటే, తీగ గాని రేకు గాని.

మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. రెండు రంధ్రాల బోర్డులో పట్టడం లేదని దానిని విరిచేసేవారున్నారు. పిన్ను ఉన్నా బోర్డు వెనుక తీగే లేని ఇళ్లు ఇంకెన్నో. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్తు గుంత మేలో నేల ఎండిపోయి పని చేయకుండా పోతుంది. సరిగ్గా కూలరు నడిచే రోజులలోనే ఇది జరుగుతుంది. గుంతలో రెండు రోజులకొక బిందెడు నీళ్లు పోయడానికి ఖర్చేమీ లేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత సీజన్‌కు ముందు ఎర్తు ఒకసారి పరీక్ష చేయించాలి. ఫ్యూజుగాని, మామూలు ఎంసీబీగాని షాకు నుంచి మనిషిని కాపాడవు. అవి తీగను కాపాడేవి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి మీటరు పక్కన పెట్టించుకుంటే కరెంటు కారిన క్షణంలోపే తెగిపోతుంది. పంపు, ప్యాడ్లు మార్చేవారు ముందుగా ఆలోచించవలసింది దీని గురించి.

నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. చాలా ఇళ్లలో స్విచ్చి న్యూట్రల్ తీగకు పడి ఉంటుంది. అప్పుడు స్విచ్చి ఆపినా కూలరులో కరెంటు ఉంటుంది. ఎవరైనా అంటుకుపోతే ముట్టుకోరాదు. మెయిన్ ఆపాలి, వీలుకాకుంటే ఎండిన కర్రతో విడదీయాలి. మనిషి ఊపిరి ఆగితే రొమ్ము నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కు ఫోను చేయించాలి.

తొట్టిలోని నిలవ నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజులలో అవి దోమలై లేస్తాయి. 'ఫ్రైడే - డ్రై డే' అని వైద్యశాఖ వారు చెప్పేది అందుకే. అయితే నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా చావవు. కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. వానలు పడ్డాక కిటికీకి వేలాడుతూ మరచిపోయిన కూలర్లే దోమలకు ఎక్కువ ఇల్లు.

ఏసీలు పెట్టుకున్నవారు ఫిల్టరు జాలీని పదిహేను రోజులకొకసారి నీటితో కడిగితే చాలా బాధలు తప్పుతాయి. బయటి పెట్టె రెక్కల్లో దుమ్ము పట్టనీయరాదు. గ్యాసు బండిలో పెట్రోలులాగ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా ఏటా గ్యాసు నింపి డబ్బు తీసుకునే వారితో జాగ్రత్తగా ఉండాలి.

జూన్‌లో కూలరు ఆపేటప్పుడు తొట్టి ఖాళీ చేసి, రుద్ది, ఎండలో ఆరబెట్టాలి. పాత గడ్డి తీసి పారేయాలి, అందులో ఎలుకలు గూడు కడతాయి. పంపును విడిగా తుడిచి డబ్బాలో దాచాలి. కూలరును ఇటుకల మీద ఎత్తి, పాత దుప్పటి కప్పి వానజల్లు తగలని మూల ఉంచాలి. మళ్లీ శివరాత్రి నాటికి దుప్పటి తీసినప్పుడు, నీళ్లు పోయకముందే, తీగను ఎలుక కొరికిందేమో కొనదాకా చూసుకోవాలి.