చేతి లేజరు దీపము, దాని లోహపు తొడుగు

కొంతకాలము క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనమునకు నేను వెళ్లియుంటిని. అచ్చట ఒక బల్ల చుట్టును జనము క్రిక్కిరిసియుండెను. ఆ బడిలోనే చదివి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో నున్న ఒక యువకుడు తాను స్వయముగా చేసిన చేతి లేజరు దీపమును చూపుచుండెను. అది జానెడు పొడవు, బొటనవ్రేలికంటె కొంచెము లావు గల అల్యూమినియం గొట్టము. మీట నొక్కి కొంచెము సేపు నిలుపగనే బల్లకు ఆ చివర కట్టియున్న నల్లని బుడగ ఠప్పున పగిలెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పంచాయతీ సభ్యులలో ఒకరు బహుమతి ప్రకటింపబోయిరి. ఒక్క నిమిషము ఆగుడని నేను మనవి చేసితిని. ఏల ఆగుమంటినో, తరువాత ఆ గొట్టము ఆ ఊరికి ఏ విధముగా ఉపకరించెనో సభ్యులందరికిని తెలియుట మంచిది. ఇట్టి దీపములు నేడు అనేక గ్రామములకు వచ్చుచున్నవి.

టార్చిలైటు వెలుగు దూరము పోయినకొలది విచ్చుకొని పలుచబడును. లేజరు వెలుగు అట్లు విచ్చుకొనదు; సన్నని దారమువలె సాగి, దూరమునందలి గోడపై చిన్న చుక్కగా నిలుచును. దీనికి మూలమైన సూత్రమును 1917లో ఐన్‌స్టీను తెలిపెను. దానిని చేతలలో చూపినవాడు అమెరికాకు చెందిన థియొడోర్ మైమన్. 1960 మే 16వ తేదీన ఆయన వెలిగించిన మొట్టమొదటి లేజరు అరచేతిలో ఇమిడెడి వస్తువు. ఒక కెంపు కడ్డీ, దాని చుట్టును మెలికలు తిరిగిన మెరుపుదీపము, ఈ రెండింటిపైని ఒక అల్యూమినియం తొడుగు, అంతే. నేటి చేతి దీపములలో కెంపు లేదు. 1962లో తొలిసారిగా పనిచేసిన డయోడు లేజరుల జాతికి చెందిన, ఆవగింజకంటె చిన్నదైన పలుకు ఒకటి అందు వెలుగు నిచ్చును.

తొడుగు అందము కొరకే యని పలువురు తలంచెదరు. అది నిజము కాదు. మన యువకుడు పాడైన డి.వి.డి. రైటరునుండి డయోడును ఊడదీసియుండెను. అట్టి డయోడు సుమారు 700 మిల్లీవాట్ల విద్యుత్తును తీసికొని సుమారు 200 మిల్లీవాట్ల వెలుగు నిచ్చును. మిగిలిన 500 వేడియే. టార్చి బల్బుకు ఇది లెక్కలోనిది కాదు గాని, ఆవగింజంత పలుకులో పుట్టు వేడికి పోవుటకు త్రోవ లేనిచో అది క్షణములలో చెడిపోవును. ఆ త్రోవయే లోహపు తొడుగు. వేడిని గొనిపోవుటలో రాగి మేలైనది. అల్యూమినియం శక్తి రాగిలో సుమారు సగము. ఇత్తడిది అందులోను సుమారు సగము. మెరయుచుండుటచే కొందరు కోరెడి స్టెయిన్‌లెస్ స్టీలు శక్తి రాగిలో 25వ వంతు మాత్రమే. ఈ కుర్రవాడు డయోడును చిన్న రాగి దిమ్మెలో బిగించి, ఆ దిమ్మెను లేతుపై తొలిపించిన అల్యూమినియం గొట్టములోనికి సందు లేకుండ దింపియుండెను. కొన్ని డయోడులలో ఒక తీగ దాని లోహపు ఒంటికే కలిసియుండును. బ్యాటరీ కొన గొట్టమునకు తగిలినచో అంతయు కాలిపోవును. అందుచేత బ్యాటరీ గదికి లోపల ప్లాస్టిక్ పొర వేసియుండెను. పనితనమున వంక పెట్టుటకు లేదు.

వంక డయోడులో నున్నది. కంటిలోని కటకము లేజరు కిరణమును సూదిమొనవంటి చుక్కగా కూర్చి రెటీనా పొరపై పడవేయును. ఆ కూర్పువలన వెలుగు తీవ్రత సుమారు 1 లక్ష రెట్లు పెరుగును. 1 మిల్లీవాటుకు మించని కనబడు వెలుగు తగిలినప్పుడు కన్ను తనంతట తాను పావు సెకనులో మూసికొని తన్ను కాపాడుకొనును. 200 మిల్లీవాట్లకు ఆ పావు సెకను చాల ఎక్కువ. రెప్ప వాలులోపలనే పొర కాలును. నొప్పి యుండదు, ఆ పొరకు నొప్పి తెలియదు. చూపు నడుమ ఒక నల్లని మచ్చ యేర్పడును. కాలిన భాగము మరల పెరుగదు. కిరణము సూటిగా పడనవసరము లేదు; బల్లమీది స్టీలు గ్లాసు నుండియో, కిటికీ అద్దము నుండియో తిరిగి వచ్చినను చాలును. ఆనాడు బుడగకు వెనుక గాజు తలుపుల బీరువా యుండెను. ఎదుట ముందువరుసలో అయిదవ తరగతి పిల్లలు కూర్చుండియుండిరి.

ఈ మాట చెప్పగనే ఆ యువకుని ముఖము చిన్నబోయెను. “తప్పు చేసితినా, అయ్యా?” అని అడిగెను. “గొట్టము నీ పనితనము, నాయనా. దానికి బహుమతి రావలసినదే. లోపలి పలుకును మాత్రము మార్చుము” అంటిని. ప్రధానోపాధ్యాయులు ఆ దీపమును వెంటనే బీరువాలో పెట్టించిరి.

జాతరలలో, తిరునాళ్లలో అమ్మెడి లేజరులను గూర్చియు ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. చీటీపై వ్రాసిన అంకెను నమ్ముటకు వీలు లేదు. 2013లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 122 చేతి లేజరులను కొలిచి చూడగా ఆకుపచ్చ వానిలో సుమారు 90 శాతము, ఎర్రవానిలో సుమారు 44 శాతము నిబంధనలకు లోబడక పోయెను. ఆకుపచ్చ దీపములో ఇంకొక చిక్కు కలదు. అందు మొదట కంటికి కనబడని పరారుణ కిరణము పుట్టి, తరువాత ఆకుపచ్చగా మారును. వడపోత అద్దము లేని చౌక దీపములలో ఆ కనబడని కిరణము కొంత వెలుపలికి వచ్చును. కనబడదు గనుక కన్ను మూసికొనదు. అగ్గిపుల్లను వెలిగించు లేజరు, బుడగను పగులగొట్టు లేజరు ఏ రంగుదైనను పిల్లల చేతికి తగదు. విమానములవైపు, త్రోవన పోవు వాహనములవైపు ఏ లేజరును త్రిప్పరాదు. నడుపువారి కన్నులు చెదరును.

ఇక ఆ గొట్టము సంగతి. ఆ ఊరి పడమటి వీధిలో మురుగుకాలువ కట్టి రెండేండ్లయినను నీరు పారకుండెను. మేస్త్రీ మంచివాడే, కంటి అంచనాతో వాలు పెట్టెను. రెండవ కాలువకు పంచాయతీ తీర్మానము చేసియుండగా, ఆ యువకుడు తన గొట్టములో 1 మిల్లీవాటుకు లోబడిన ఎర్ర లేజరును అమర్చి దానిని మట్టపు పనిముట్టుగా మార్చెను. పాలిటెక్నిక్ ప్రయోగశాలలో దాని శక్తిని కొలిపించిన పిమ్మటనే పనిలోనికి తెచ్చెను. మొదటి దీపమునకు వేడి పోవుటకై దిమ్మె బిగుతుగా నుండవలసివచ్చెను. ఇందు వేడి లెక్కింపదగినంత లేదు. కిరణము గొట్టమునకు సూటిగా నుండుట ముఖ్యము. అందుచేత బెజ్జమును కొంచెము పెద్దది చేయించి, ముందు మూడు, వెనుక మూడు చిన్న మరలతో లేజరును నడుమ నిలిపెను. గొట్టమును రెండు చీలిక చెక్కలపై నుంచి మెల్లగా దొర్లించినప్పుడు దూరపు గోడపై చుక్క వలయముగా తిరిగినచో కిరణము వంకరయన్నమాట. చుక్క కదలక ఒక్కచోట నిలుచువరకు మరలను సరిచేయవలెను. దీనికి అతనికి ఒక సాయంకాలము పట్టెను.

గొట్టమును రసమట్టమునకు బిగించిన తరువాత ఇంకొక పరీక్ష కలదు. రెండు కర్రలకు సరిగా నడుమ పనిముట్టును నిలిపి రెండింటిపైన చుక్కలను గుర్తింపవలెను. పనిముట్టులో దోషమున్నను దూరము సమానము గనుక ఆ రెండు గుర్తులును ఒకే మట్టమున నుండును. పిమ్మట ఒక కర్ర ప్రక్కకు జరిపి మరల చూచినప్పుడు, ఆ రెండు గుర్తుల నుండి చుక్కలు ఒకే కొలతతో ఎత్తుగా గాని దిగువగా గాని పడవలెను. పడనిచో మట్టము సరిగా లేదు.

కాలువకు 100కు 1 వాలు కావలెననుకొందము. మొదటి కొనలో అడుగునుండి 30 సెంటీమీటర్ల ఎత్తున కిరణమును మట్టముగా సాగించినచో, 10 మీటర్లకడ అడుగునుండి చుక్క ఎత్తు 40, 20 మీటర్లకడ 50, 30 మీటర్లకడ 60 సెంటీమీటర్లు ఉండవలెను. కొలత తగ్గినచోట అడుగు మెరక; త్రవ్వవలెను. పగటియెండలో ఎర్ర చుక్క కానరాదు గనుక ఈ పని ప్రొద్దు వాలిన తరువాత చేసిరి. కిరణము కాలువలోపలనే పోవును గనుక పసిపిల్లల కంటి ఎత్తునకును రాదు. అయినను చివర ఒక గోనెపట్టా అడ్డము కట్టిరి. పడమటి వీధి పాత కాలువను కూడ కొలువగా 18 మీటర్లకడ ఒక మూరెడు దూరము అడుగు ఉబ్బియున్నట్లు తేలెను. మేస్త్రీయే ముందుగా నవ్వెను. ఆ భాగమును మాత్రము పగులగొట్టి మరల కట్టిరి.

బహుమతి ఆ యువకునికి తరువాతి గ్రామసభలో ఇచ్చిరి. పాత డయోడును అతడే సుత్తితో నలుగగొట్టెను. గొట్టము రసమట్టముతో కూడ పంచాయతీ కార్యాలయపు బీరువాలో ఉన్నది. తాళపుచెవి కార్యదర్శి వద్ద నుండును.